పాత బేస్‌బాల్ కార్డులు: అసలా నకిలీయా అన్న తగాదాలు, వేలంలో దొంగపాటలు, మీరు చేయాల్సిన పనులు

1985లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఒక సిగరెట్ కార్డు 25,000 డాలర్లకు చేతులు మారింది. దాని మీద బొమ్మ పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచిన కార్డులు అవి. సేకర్తలు ఆ సెట్టును టీ206 అంటారు. వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో ఆయన కార్డు ముద్రణ మధ్యలోనే ఆపేశారు. పొగాకు ఇష్టం లేక అన్నాడని కొందరు, డబ్బివ్వలేదని అన్నాడని కొందరు అంటారు.

1985లో కొన్నాయన పేరు బిల్ మాస్ట్రో. రెండేళ్లకే దాన్ని 1,10,000 డాలర్లకు అమ్మాడు. 1991లో సోథబీస్ వేలంలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ తన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్‌తో కలిసి 4,51,000 డాలర్లకు పాడుకున్నాడు. అదే ఏడాది పుట్టిన పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ (కార్డు అసలుదా, ఎంత బాగుంది అని చూసి మార్కులు వేసేది) ఈ కార్డుకు పదికి ఎనిమిది మార్కులు వేసి, ఒకటో నంబర్ సర్టిఫికెట్ ఇచ్చింది. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. ఆలోపు మాస్ట్రో దేశంలోనే పెద్ద క్రీడా వస్తువుల వేలం సంస్థకు యజమాని అయ్యాడు. 2013 అక్టోబరులో చికాగో ఫెడరల్ కోర్టులో నిలబడి, ఆ కార్డు పక్క అంచులను తానే కత్తిరించానని ఒప్పుకున్నాడు. తన వేలాల్లో దొంగపాటలు, అంటే ధర పెంచడానికి ఉత్తుత్తి బిడ్డులు, పాడించానని కూడా ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది.

నాకు ఈ కథలో డాలర్ల కన్నా ఆ రెండు ఒప్పుకోళ్లు ఒకే నోటి నుంచి రావడమే ఎక్కువ పట్టింది. అంచు కత్తిరించిన చెయ్యీ, దొంగపాట పాడించిన చెయ్యీ ఒకటే. కార్డు అసలా నకిలీయా అనేది ఒక గొడవ, వేలంలో నీతి అనేది ఇంకో గొడవ అని మనం విడదీసి మాట్లాడుకుంటాం. రెండు చోట్లా జరిగేది మాత్రం ఒకటే: అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకుండా ఉంచడం. కింద చెప్పే మెట్లన్నీ ఆ తెలియనిదాన్ని తెలుసుకోవడానికే.

మొదటి మెట్టు: తగాదా దేని గురించో తేల్చుకోండి

"ఈ కార్డు ఫేక్" అన్న మాటలో చాలా రకాల తప్పులు కలిసిపోయి ఉంటాయి. ఏ తప్పో తెలియకపోతే ఎవరిని ఏమడగాలో తెలియదు.

పూర్తిగా నకిలీగా అచ్చేసినది ఒక రకం. కంపెనీయే తర్వాతి కాలంలో చట్టబద్ధంగా వేసిన పునర్ముద్రణను పాతదిగా అమ్మడం ఇంకో రకం. కార్డు అసలైనదే కానీ దాన్ని "బాగుచేశారు" అనేది మూడోది. అంటే అరిగిన అంచును కత్తిరించి పదును తేవడం, రంగు పోయిన చోట రంగు వేయడం, మడత పోయేలా నొక్కడం, మూల ఊడితే కొత్త కాగితం అతికించడం లాంటివి. కార్డు అసలుదే, గ్రేడింగ్ సంస్థ దాన్ని పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె మీది లేబుల్ నకిలీ అనేది నాలుగోది. కార్డూ పెట్టే రెండూ అసలే, చెప్పిన కథ మాత్రం అబద్ధం అనేది ఐదోది. "మా తాతగారి అటక మీద దొరికింది" అన్న కథకు ఈ లోకంలో విలువ కడతారు మరి. అలాగని అటక కథలన్నీ అబద్ధాలు కావు. 2012లో ఒహాయోలోని డిఫయెన్స్ పట్టణంలో నిజంగానే ఒక ఇంటి అటక మీద వందేళ్ల నాటి కార్డులు దాదాపు 700 దొరికాయి.

కోట్ల డాలర్ల గొడవలు ఎక్కువగా మూడో రకం చుట్టూ తిరుగుతాయి. వాగ్నర్ కార్డు నకిలీ అని ఎవరూ అనలేదు. దాని అంచులు అలా పుట్టాయా, అలా చేశారా అన్నదే ప్రశ్న.

రెండో మెట్టు: ఇంట్లో బల్ల మీద చేసే పరీక్ష

నా మొదటి దెబ్బ చెప్తాను. న్యూజెర్సీలో వారాంతపు కార్డుల షోలో 1952 నాటి టాప్స్ కంపెనీ కార్డు ఒకటి కొన్నాను. వెనకవైపు కింద కొంచెం గీకినట్టు ఉంది. "పాతది కదా సార్, అరుగుతుంది" అన్నాడు అమ్మినతను. ఇంటికి తెచ్చి మురిసిపోతుంటే, మా అమ్మాయి తన కొత్త బాస్కెట్‌బాల్ కార్డును దాని మీద పెట్టి, "నాన్నా, రెండూ ఒకటే సైజు" అంది. నా గుండె జారింది. 1952 టాప్స్ కార్డు 66.7 మిల్లీమీటర్ల వెడల్పు, 95.25 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. ఇప్పటి కార్డులు 63.5, 88.9. టాప్స్ 1983లో ఆ సెట్టును ఇప్పటి సైజులో మళ్లీ అచ్చేసి, పునర్ముద్రణ అని వెనక స్పష్టంగా రాసింది. నా కార్డు మీద గీకేసింది ఆ రాతనే. పది రూపాయల స్కేలు జేబులో ఉంటే తేలిపోయే విషయం.

కాబట్టి మొదట కొలవండి. ఇరవై డాలర్లలోపు వచ్చే డిజిటల్ కాలిపర్ చాలు. టీ206 అయితే 36.5, 66.7 మిల్లీమీటర్లు ఉండాలి. కొంచెం తగ్గగానే కత్తిరించారని అరవకండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ కోతలే హెచ్చుతగ్గులుగా ఉండేవి. వెనక అమెరికన్ బ్యూటీ సిగరెట్ ప్రకటన ఉన్న టీ206 కార్డులు పుట్టుకతోనే సన్నం. అనుమానం ఉంటే అదే సెట్టులో, అదే వెనకభాగం ఉన్న చవక కార్డులు రెండు మూడు కొని పక్కన పెట్టుకోండి. అరిగిపోయిన మామూలు ఆటగాడి కార్డుకు పెద్ద ధర ఉండదు. వాటిని మించిన పాఠ్యపుస్తకం లేదు.

తర్వాత భూతద్దం. పదిరెట్లు చూపే నగల వ్యాపారుల అద్దం మొదలుకొని ముప్పై రెట్లది వరకు ఏదైనా పనికొస్తుంది. 1950ల కార్డుల్లో ఫొటో భాగం రంగు చుక్కలతో ఉంటుంది, నల్ల అక్షరాలూ గీతలూ మాత్రం నిండు సిరాతో అంచు తెగినట్టు ఉంటాయి. అసలు కార్డును స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. నకిలీల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పరీక్షలోనే దొరికిపోతాయి. టీ206 అంతకన్నా పాత రాతిముద్రణ పద్ధతిలో వచ్చింది. దాన్ని 1950ల కార్డుతో పోల్చకండి, ఇంకో టీ206తోనే పోల్చండి.

మూడోది నల్ల లైటు, అంటే నోట్లు పరీక్షించే అతినీల కాంతి. కాగితం తెల్లగా మెరవడానికి వాడే రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం నాటికి గానీ కాగితంలోకి రాలేదు. అంచేత 1910 నాటిదని చెప్పిన కార్డు చీకట్లో నీలంగా వెలిగితే దాన్ని అక్కడే వదిలేయండి. వెలగకపోయినంత మాత్రాన అసలుదని కాదు. పాత పుస్తకాల ఖాళీ పేజీల మీద అచ్చేసే ఘనులూ ఉన్నారు. రంగు వేసిన చోట్లు కూడా ఈ కాంతిలో మచ్చలా తేడాగా కనిపిస్తాయి.

చివరగా అంచులు. కార్డును కంటి ఎత్తులో పట్టుకుని నాలుగు పక్కలూ తిప్పి చూడండి. వందేళ్ల కార్డుకు మూడు వైపులా మెత్తగా అరిగిన అంచు, నాలుగో వైపు కొత్త బ్లేడు కోత ఉంటే అక్కడ ఎవరి చెయ్యో పడింది. లోపలి కాగితం రంగు ఒక అంచున మాత్రం తెల్లగా ఉండటం, అంచు గీత మధ్యలో కాస్త లోపలికి వంగడం కూడా కత్తిరింపు గుర్తులే.

ఇక్కడ ఒక నైతిక చిక్కు ఉంది. పాత కార్డులను పిల్లలు జిగురుతో పుస్తకాల్లో అంటించేవాళ్లు. వాటిని మంచినీళ్లలో నానబెట్టి విడదీయడాన్ని చాలామంది సేకర్తలు తప్పుగా చూడరు. రసాయనాలతో మరక పోగొట్టడాన్ని మాత్రం తప్పంటారు. గీత ఎక్కడ గీయాలి? నా లెక్క ఇది: చేసిన పని కొనేవాడికి చెప్పడానికి మీకు నోరు రావడం లేదంటే, గీత దాటేశారు.

మూడో మెట్టు: పెట్టెను నమ్మాల్సినంత మాత్రమే నమ్మండి

స్లాబ్ అంటే మనకు ఇంటి పైకప్పు. వీళ్లకు గ్రేడింగ్ సంస్థ కార్డును పెట్టి సీలు చేసే ప్లాస్టిక్ పెట్టె. పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ ఈ రంగంలో పెద్ద పేర్లు. ఎస్‌జీసీని 2024లో పీఎస్‌ఏ మాతృసంస్థే కొనేసింది. కాబట్టి ఆ రెండింటి అభిప్రాయాలను వేర్వేరు ఇళ్ల సాక్ష్యాలుగా లెక్కపెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మార్కు పెరిగితే ధర మామూలుగా పెరగదు, ఎగురుతుంది. 1952 టాప్స్ సెట్టులో 311వ నంబర్, బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి, ఎస్‌జీసీ 9.5 మార్కుతో, 2022 ఆగస్టులో హెరిటేజ్ వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన దాదాపు 100 కోట్ల రూపాయలు. అదే కార్డు నలిగిపోయి ఉంటే అందులో వందో వంతు కూడా రాకపోవచ్చు. ఒక అంచు చెక్కితే మార్కు పెరుగుతుందంటే చెక్కేవాళ్లు ఎందుకు పుట్టరు?

స్లాబ్ చేతికొస్తే ఇలా చేయండి. లేబుల్ మీది నంబరును సంస్థ సైట్లో మీరే టైపు చేయండి, అమ్మేవాడు పంపిన లింకు నొక్కకండి. అక్కడ ఫొటో ఉంటే మీ చేతిలోని కార్డు మూలలు, మచ్చలు, బొమ్మ పక్కకు జరిగిన తీరు పోల్చండి. నంబరు ఒక్కటే సరిపోతే చాలదు. నకిలీ పెట్టె చేసేవాడు అసలు కార్డు నంబరునే కాపీ కొడతాడు. పెట్టె అంచుల్లో అతుకు తెల్లగా పొడిబారిందా, మూలల్లో పగులు ఉందా చూడండి. 2024 మేలో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇద్దరి మీద ఇలాంటి కేసే పెట్టారు. తక్కువ రకం కార్డులను నకిలీ లేబుళ్లతో ఎక్కువ మార్కులవిగా అమ్మారని, మొత్తం 20 లక్షల డాలర్లకు పైగా మోసమని ఆరోపణ.

పెట్టె అసలుదే అయినా అది మనుషుల అభిప్రాయం మాత్రమే. ఒకటో నంబర్ సర్టిఫికెట్టే కత్తిరించిన కార్డు మీద ఉంది.

నాలుగో మెట్టు: కార్డు పాత ఫొటోలు వెతకండి

పాత ముద్రణలో ఏ రెండు కార్డులూ అచ్చంగా ఒకేలా ఉండవు. సిరా చుక్క ఒకటి బయట పడి ఉంటుంది, కాగితంలో పీచు కనిపిస్తుంది, అంచు మీద చిన్న మచ్చ ఉంటుంది. అవే దాని వేలిముద్రలు. 2019లో అమెరికాలో బయటపడ్డ, మార్పులు చేసి అమ్మిన కార్డుల వ్యవహారం మొత్తం ఇలాగే తేలింది. సేకర్తలు పాత వేలాల ఫొటోలను తర్వాతి వేలాల ఫొటోల పక్కన పెట్టి, అదే సిరా చుక్క, కానీ ఇప్పుడు అంచు సన్నబడి మార్కు పెరిగింది అని చూపించారు. ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది.

పెద్ద వేలం సంస్థలు పాత అమ్మకాల ఫొటోలను సైట్లలో ఉంచుతాయి. ఖరీదైన కార్డయితే బిడ్డు వేసేముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. కనిపించిన ప్రతి ఫొటోనూ తేదీతో సహా దాచుకోండి. ఈరోజు కనిపించింది రేపు మాయం కావచ్చు.

ఐదో మెట్టు: పాట మొదలుకాకముందే నియమాలు చదవండి

నిజం చెప్పాలంటే ఎవరూ చదవరు. నేనూ మూడేళ్లు చదవలేదు. ఇవి మాత్రం వెతకండి: వేలం సంస్థ గానీ దాని ఉద్యోగులు గానీ బిడ్డు వేయవచ్చా? సరుకు ఇచ్చినవాడు తన సరుకు మీద తానే వేయవచ్చా? రహస్య కనీస ధర ఉందా, దాన్ని చేరేదాకా సంస్థ తరఫున పాడతారా? సంస్థ సొంత సరుకును వేలంలో పెడితే ఆ సంగతి చెబుతుందా? అసలుది కాదని తేలితే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలి? తగాదా వస్తే కోర్టా, మధ్యవర్తా, ఏ రాష్ట్రంలో?

జవాబు కనిపించకపోతే ఈమెయిల్‌లో అడగండి. మర్యాదగా అడిగిన ప్రశ్నకు చిరాకు పడ్డ సంస్థతో నేను మళ్లీ వ్యవహారం పెట్టుకోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది వాళ్ల జవాబు.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోవాలి. కొనేవాడి మీద 20 శాతం అదనపు రుసుము ఉందనుకుందాం. మీరు 5,000 డాలర్లకు పాడితే 6,000 అవుతుంది. న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం ఆ మొత్తం మీద వేస్తే 6,397.50, పైన పంపే ఖర్చు. ఇంటికి చేరేసరికి అయ్యే మొత్తం నుంచి వెనక్కి లెక్క వేసుకుని, మీ హద్దు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆరో మెట్టు: పాట నడుస్తుండగా

బాలాపూర్ లడ్డూ వేలం చూశారుగా. 1994లో 450 రూపాయలతో మొదలైంది, ఇప్పుడు లక్షల్లో పోతోంది. ధర ఎంత పెరిగినా అక్కడ పాడేవాడి ముఖం ఊరందరికీ కనిపిస్తుంది. ఆన్‌లైన్ వేలంలో ఎదురు పాడేది మనిషో, ఇంకో ఇంట్లో కూర్చున్న యజమాని బావమరిదో తెలియదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గరిష్ఠ బిడ్డు. "నా తరఫున 8,000 దాకా మీరే పెంచుకుంటూ వెళ్లండి" అని ముందే రాసి ఇచ్చే పద్ధతి అది. మీ హద్దు తెలిసినవాడు సంస్థలో ఉంటే, 4,000కి ఆగాల్సిన పాటను 7,800 దాకా తోసి ఆపగలడు. మాస్ట్రో కేసులో అభియోగాలు ఇలాంటి పని గురించే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకని తెలియని సంస్థలో గరిష్ఠ బిడ్డు ఇవ్వకండి. కొంచెం నిద్ర చెడినా స్వయంగా వేయండి.

అనుమానించాల్సిన సంకేతాలున్నాయి. ఒకే ఖాతా ఒకే అమ్మకందారు సరుకు మీద పదేపదే పాడి ఎప్పుడూ గెలవకపోవడం ఒకటి. మీ హద్దుకు ఒక్క మెట్టు కింద దాకా గబగబా వచ్చి ఆగిపోవడం, అమ్ముడైన కార్డు "కొన్నవాడు డబ్బు కట్టలేదు" అంటూ నెలకే తిరిగి రావడం మరి రెండు. ఒక్కసారి కనిపిస్తే యాదృచ్ఛికం కావచ్చు. మూడుసార్లు కనిపిస్తే రాసిపెట్టుకోండి.

చట్టం ఈ విషయంలో కొనేవాడి వైపే ఉంది. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ పాటించే యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-328 సెక్షన్ ప్రకారం, చెప్పకుండా అమ్మేవాడి తరఫున పాడితే కొన్నవాడు అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు, లేదా చివరి నిజాయితీ బిడ్డు ధరకే సరుకు తీసుకోవచ్చు. మన దగ్గర 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ కూడా ఉత్తుత్తి బిడ్డులతో ధర పెంచితే అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఇస్తుంది. హైదరాబాద్‌లో పాత నాణేలో, స్టాంపులో పాడుకునేవాళ్లకు పనికొచ్చే మాట ఇది. రుజువు చేయడమే కష్టం. అందుకే స్క్రీన్‌షాట్లు.

ఏడో మెట్టు: తేడా ఉందని తెలిశాక

కోపం వస్తుంది. ఆ రాత్రి ఏమీ రాయకండి.

పెట్టె పగలగొట్టకండి. తెరిచిన క్షణం గ్రేడింగ్ సంస్థ హామీ పోతుంది, "లోపల మీరే మార్చారు" అనే అవకాశం అవతలివాడికి వస్తుంది. కార్డును తుడవకండి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి ఉంటే మంచిది. లేకపోతే ఇప్పుడు కవరు, లేబుల్, కార్డు అన్నీ తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి.

తర్వాత గడువులు చూడండి. ఈబేలో సరుకు అందిన 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. పేపాల్‌లో డబ్బు కట్టిన 180 రోజుల్లోపు. స్నేహితులకు పంపే పద్ధతిలో పేపాల్ డబ్బు కట్టి ఉంటే రక్షణ ఏమీ లేదు. "ఫీజు పడదు బ్రదర్, ఫ్రెండ్స్‌లో పంపేయండి" అని తీయగా అడిగేది అందుకే. అమెరికాలో అమ్మకం ఒప్పందం మీద దావాకు మామూలుగా సరుకు అందిన నాటి నుంచి నాలుగేళ్లు ఉంటాయి, వేలం నియమాలు దాన్ని తగ్గించవచ్చు.

అమ్మినవాడికి రాసే ఉత్తరం పొట్టిగా ఉండాలి. ఇలా: "ఫలానా తేదీన కొన్న ఈ కార్డు వెడల్పు 65.1 మిల్లీమీటర్లు. ఈ సెట్టుకు ఉండాల్సింది 66.7. 2016 వేలం ఫొటోలో కుడి అంచు వెడల్పుగా ఉంది, రెండు ఫొటోలూ జత చేశాను. పది రోజుల్లో డబ్బు వెనక్కి ఇచ్చి కార్డు తీసుకోగలరు." దొంగ, మోసగాడు అన్న మాటలు వద్దు. అతను కూడా మోసపోయి ఉండవచ్చు. కాకపోయినా, బయట ఆ మాట అంటే పరువునష్టం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది. కొలతలు మాట్లాడనివ్వండి.

జవాబు రాకపోతే చెల్లింపు సంస్థకు, తర్వాత గ్రేడింగ్ సంస్థ హామీ విభాగానికి వెళ్లండి. పెద్ద మొత్తమైతే లాయరు దగ్గరికి. ఆన్‌లైన్ మోసం అనిపిస్తే అమెరికాలో ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ ఫిర్యాదుల కేంద్రం ఐసీ3 ఉంది, మన దేశంలో సైబర్ మోసాల ఫిర్యాదులకు 1930 ఫోన్ నంబరు ఉంది. నకిలీ నాణేలపై "కాపీ" అని ముద్ర ఉండాలని అమెరికాలో 1973 నుంచి చట్టం ఉంది, అది క్రీడా కార్డులకు వర్తించదు. అందుకే పునర్ముద్రణలు ఇంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయి.

ఎనిమిదో మెట్టు: మీరు అమ్మేవైపు నిలబడినప్పుడు

ఏదో ఒక రోజు మీరూ అమ్ముతారు. కత్తిరించిన కార్డును అమ్మడం తప్పు కాదు, దాచి అమ్మడం తప్పు. గ్రేడింగ్ సంస్థలు "అసలైనది, మార్పు జరిగింది" అని మార్కు లేకుండా లేబుల్ ఇస్తాయి. అలాంటివాటికీ కొనేవాళ్లున్నారు. మార్కులతో పనిలేక, బొమ్మ బాగుంటే చాలనుకునేవాళ్లు వాళ్లు.

వేలానికి ఇస్తే మీ సరుకు మీద మీరు గానీ, మీ తమ్ముడు గానీ పాడకండి. సంస్థ అడ్వాన్సు ఇస్తానంటే అందుకు బదులుగా ఏం ఆశిస్తోందో ముందే రాయించుకోండి.

నా 1952 టాప్స్ కార్డును చివరికి నేనూ అమ్మేశాను. అమ్మినతను ఆ తర్వాతి షోకి రాలేదు, నా దగ్గర రసీదూ లేదు. ఏడాది తర్వాత ఒక కుర్రాడు నా బల్ల దగ్గర ఆగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కార్డు మీద నేను అంటించిన చీటీలో "1983 పునర్ముద్రణ, వెనక రాత గీకేశారు, 2 డాలర్లు" అని ఉంది. చదివి నవ్వి, మూడు డాలర్లిచ్చి చీటీతో సహా పట్టుకెళ్లాడు.